గంటకి 90లో పోతున్న బండిలోంచి నెట్ ఎలా టెస్ట్ చేయాలి? (బెంగళూరు–చిత్తూరు రోడ్డు)

కోలారు_రోడ్డు | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే, ఇప్పుడు పనిపడి రాస్తున్నా. మాది బెంగళూరులో చిన్న కంపెనీ. ప్రైవేటు అంబులెన్సుల్లో ఈసీజీ మెషిన్, ఒక కెమెరా, ఒక ట్యాబ్ బిగిస్తాం. పేషెంటు ఇంకా దారిలో ఉండగానే ఆస్పత్రిలో డాక్టరు ఈసీజీ చూసి, లోపలున్న నర్సుకి ఏం చేయాలో చెప్తాడు. సిటీలో బాగానే నడుస్తోంది. ఇప్పుడు పలమనేరు, చిత్తూరు వైపు బండ్లకి కూడా పెట్టమంటున్నారు. ఆ పక్క గుండెనొప్పి అంటే సగం మంది వేలూరుకి, సగం మంది బెంగళూరుకి పరిగెడతారు, మీకు తెలిసిందే.

సేల్స్ వాళ్లు కవరేజ్ మ్యాప్ చూపించి "దారంతా పచ్చగానే ఉంది సార్" అని మాటిచ్చేసి వచ్చారు. నేను స్పీడ్ టెస్ట్ యాప్ పెట్టుకుని ఒక రౌండు వెళ్లొచ్చా. నంబర్లు చూస్తే దర్జాగా ఉన్నాయి, 40, 60, హోస్కోట దగ్గర 200 పైన ఎంబీపీఎస్. కానీ అదే దారిలో మా వీడియో ముళబాగిలు దాటాక స్టక్ అయిపోయి, ఎప్పుడో పలమనేరులో మళ్లీ లేచింది. యాప్ చూస్తే అంతా బాగుంది, మా స్క్రీన్ చూస్తే ఏమీ బాలేదు. కదిలే బండిలోంచి నెట్‌ని సరిగ్గా టెస్ట్ చేసే పద్ధతేంటో తెలిసినవాళ్లు చెప్పండి. బడ్జెట్ పెద్దగా లేదు, పాత ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం చాలా ఉన్నాయి.

సిల్క్‌బోర్డు_బాధితుడు | శుక్రవారం రాత్రి 10:51

బెంగళూరులో ఉంటూ "వేగంగా కదిలే బండి" అంటున్నారంటే మీ అదృష్టమే అదృష్టం సార్. మాకు బండి కదలడమే ఒక వార్త.

వైట్‌ఫీల్డ్_వాసు | శుక్రవారం రాత్రి 11:20

బ్రో, సింపుల్. మంచి 5జీ రౌటర్ ఒకటి కొని బండిలో పడేయండి. 4జీ అంత స్పీడ్‌లో తట్టుకోలేదు, డాప్లర్ ఎఫెక్ట్ అని ఇంజనీరింగ్‌లో చదివాం కదా, బండి వేగం పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది, అందుకే వీడియో స్టక్.

డ్రైవ్‌టెస్ట్_తాత | శనివారం ఉదయం 6:15

వాసూ, డాప్లర్ నిజమే గానీ లెక్క కట్టి చూడు. గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి 27.8 మీటర్లు. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఆ వేగానికి జరిగేది 167 హెర్ట్జ్. 4జీలో ఒక్కో సబ్‌క్యారియర్ (డేటా మోసే సన్న ఫ్రీక్వెన్సీ దారి) మధ్య దూరం 15 కిలోహెర్ట్జ్, అంటే జరిగింది ఒక శాతం చిల్లర. 5జీలో మన దగ్గర వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర 324 హెర్ట్జ్ జరుగుతుంది, కానీ అక్కడ సబ్‌క్యారియర్ దూరం కూడా 30 కిలోహెర్ట్జ్, మళ్లీ అదే ఒక శాతం. 4జీని గీసినప్పుడే 350 కిలోమీటర్ల వేగానికి పనిచేయాలని గీశారు, 5జీకి 500 పెట్టారు, బుల్లెట్ రైళ్ల కోసం. కోలారు రోడ్డు మీద అంబులెన్సు దానికి ఒక లెక్క కాదు.

నేను 2జీ రోజుల నుంచి ఈ పనే చేసి రిటైరయ్యాను. క్వాలిస్ వెనక సీట్లో ల్యాప్‌టాప్, టెమ్స్ సాఫ్ట్‌వేర్, నాలుగు ఫోన్లు, టాపు మీద అయస్కాంతంతో అంటుకునే జీపీఎస్ బిళ్ల. మదురై నుంచి హుబ్బళ్లి దాకా మేం తిరగని రోడ్డు లేదు. కాబట్టి కాస్త పెద్దగా రాస్తా, ఓపికుంటే చదవండి.

కోలారు బాబూ, ముందు ఆ స్పీడ్ టెస్ట్ యాప్‌ని పక్కన పెట్టు. ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి అది మంచిదే. బండిలో ఏమవుతుందంటే, ఒక టెస్టు అప్‌లోడు, డౌన్‌లోడు కలిపి పదిహేను ఇరవై సెకన్లు నడుస్తుంది. 90లో పోతుంటే సెకనుకి 25 మీటర్లు, పదిహేను సెకన్లంటే 375 మీటర్లు. ఆ దూరంలో నువ్వు ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారి ఉండొచ్చు, మధ్యలో మూడు సెకన్లు అసలేమీ లేకపోయి ఉండొచ్చు. చివరికి అది అన్నీ కలిపేసి "52" అని ఒక అంకె చేతిలో పెడుతుంది. పైగా ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి లాగుతుంది కాబట్టి గుంటలన్నీ పూడ్చేస్తుంది. నెట్ పూర్తిగా పోయినచోట టెస్టు ఫెయిలవుతుంది, ఆ ఫెయిలైనది మన లిస్టులో ఉండదు. 300 ఎంబీపీఎస్ వచ్చేచోట పది సెకన్ల డౌన్‌లోడ్ అంటే 375 ఎంబీ డేటా, అది వేరే.

నీ డాక్టరుకి తెలియాల్సింది నెట్ ఎక్కడ పోతోంది, పోతే ఎంతసేపు పోతోంది. దానికి చిన్న చిన్న ప్యాకెట్లు ఆగకుండా పంపుతూ ఉండాలి. 20 మిల్లీసెకన్లకి ఒక యూడీపీ ప్యాకెట్ (అందిందా లేదా అని ఆగి చూడకుండా పంపేసేది), ప్రతిదాని మీద వరస నంబరు, టైము. అవతల ఒక సర్వర్ దాన్ని అలాగే తిప్పి పంపాలి. పక్కన జీపీఎస్ సెకనుకోసారి రాసుకోవాలి, ఫోను ఏ సెల్ (టవర్ మీద ఒక్కో యాంటెన్నా కవర్ చేసే భాగం) మీద ఉందో చెప్పే నంబరు (పీసీఐ), ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో), ఎస్‌ఐఎన్‌ఆర్ (మిగతా గోలలో ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో) కూడా. ఐఆర్‌టీటీ అనే ఉచిత టూల్ ఒకటుంది, సరిగ్గా ఈ పనికే. రేడియో వివరాలకి జీ-నెట్‌ట్రాక్ చాలు. డేటా ఖర్చు గంటకి రానూపోనూ 30 ఎంబీ చిల్లర.

మామూలు పింగ్ సెకనుకి ఒకటి పెట్టి తృప్తి పడొద్దు. మంచి హ్యాండోవర్‌లో (ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారడం) తెగేది పదుల మిల్లీసెకన్లే, సెకనుకో పింగ్ దాని పక్కనుంచి దాటిపోతుంది. ఇంకోటి, ప్యాకెట్లు అరుదుగా పంపితే ఫోన్ ఐడిల్‌లోకి పోతుంది, ఐడిల్‌లో ఉన్న ఫోన్ సెల్ మారే పద్ధతి వేరు, డేటా నడుస్తున్నప్పుడు మారే పద్ధతి వేరు. నీ కెమెరా ఆగకుండా నడుస్తుంది కాబట్టి టెస్టు కూడా ఆగకుండా నడవాలి.

పెరంబూరు_పద్మ | శనివారం ఉదయం 9:03

తాతగారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మా ఆఫీసులో గోడకి అంటించాలి.

కోలారు గారూ, నేను చెన్నైలో వీడియో కాల్ యాప్ టెస్టింగ్ టీమ్‌లో ఉంటా. ముందు మీ అవసరం ఎంతో కాగితం మీద వేసుకోండి. 12 లీడ్ ఈసీజీలో నిజంగా కొలిచేవి ఎనిమిదే, మిగతా నాలుగూ లెక్కగట్టి వస్తాయి. సెకనుకి 500 శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు, అంటే సెకనుకి 8 వేల బైట్లు, 64 కేబీపీఎస్. వాట్సాప్ వాయిస్ కాల్‌తో పోల్చదగ్గ బరువే. వీడియో 720పీ అయితే ఒకటి, ఒకటిన్నర ఎంబీపీఎస్. రెండూ బండి నుంచి బయటికి పోయేవే, అంటే అప్‌లోడ్. మీరు చెప్పిన 40, 60, 200 డౌన్‌లోడ్ నంబర్లే అనుకుంటా. అవి మీకు దేనికీ పనికిరావు.

కోలారు_రోడ్డు | శనివారం ఉదయం 9:40

అవును పద్మ గారూ, డౌన్‌లోడే. ముళబాగిలు దగ్గర డౌన్‌లోడ్ 38 వస్తుంటే అప్‌లోడ్ ఒకటి లోపే ఉంది. తేడా అంత ఎందుకుంటుంది?

డ్రైవ్‌టెస్ట్_తాత | శనివారం ఉదయం 10:22

టవర్ దగ్గర పదుల వాట్లు ఉంటాయి, నీ ఫోన్ దగ్గర మహా అయితే 200 మిల్లీవాట్లు. దూరం పెరిగితే టవర్ అరుపు నీకు వినపడుతుంది, నీ గొంతు దానికి వినపడదు. దీనికి తోడు 2300, 3500 బ్యాండుల్లో పంపడానికీ తీసుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులేసుకుని వాడతారు, వంతుల్లో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తారు, జనం చూసేది వీడియోలే కాబట్టి. కాబట్టి అంచుల్లో ముందు చచ్చేది అప్‌లోడే. ఫోన్ మీద రెండు గీతలు కనిపిస్తున్నాయని ధైర్యపడకు, అవి నీకు వినపడేదాని గీతలు.

సిల్క్‌బోర్డు_బాధితుడు | శనివారం మధ్యాహ్నం 12:10

గీతలంటే గుర్తొచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద ఫుల్ సిగ్నల్ ఉంటుంది, పాట మాత్రం బొమ్మనహళ్లి పైకొచ్చేసరికి ఆగిపోతుంది. కింద రోడ్డులో నత్తనడక, కానీ అక్కడ నెట్ బ్రహ్మాండం. ఇదేం న్యాయం?

డ్రైవ్‌టెస్ట్_తాత | శనివారం మధ్యాహ్నం 1:05

ఇది నాకు చాలా ఇష్టమైన రోడ్డు. 2010లో తెరిచారు, దాదాపు పది కిలోమీటర్లు. ఆ పక్క ఈ పక్క బిల్డింగుల మీదున్న యాంటెన్నాలు కింద రోడ్డుకి, ఇళ్లకి సిగ్నల్ ఇవ్వాలని కిందకి వంచి పెట్టినవి. నువ్వు ఫ్లైఓవర్ మీద వాటి ఎత్తుకి వచ్చేస్తావు. అడ్డం ఏమీ లేదు, అరడజను టవర్లు ఒకేలా కనిపిస్తాయి, ఏదీ మిగతావాటికంటే గట్టిగా ఉండదు. పెళ్లి మండపంలో నలుగురు నాలుగు మైకులు పట్టుకుని ఒకేసారి మాట్లాడితే శబ్దం బోలెడుంటుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 75 ఉంటుంది, అంటే గట్టి సిగ్నలే, ఎస్‌ఐఎన్‌ఆర్ సున్నా దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. ఫోన్ గీతలు మొదటిదాన్ని చూసి వేసినవి, నీ పాట నడిచేది రెండోదాని మీద.

ఇంకా ఆ పైన వేగం 80 ఉంటే ఫోన్ ఒక సెల్‌కి మారి సర్దుకునేలోపే ఇంకోటి బాగుందంటుంది, మళ్లీ మారుతుంది. పక్క సెల్ కనీసం ఇన్ని డెసిబెల్స్ ఎక్కువగా, ఇన్ని మిల్లీసెకన్లపాటు ఉంటేనే మారాలి అని కంపెనీ వాళ్లు సెట్ చేస్తారు. 320 మిల్లీసెకన్లు పెట్టారనుకో, 90లో పోయే బండి ఆలోపు 8 మీటర్లు పోతుంది, పర్లేదు. అదే బిల్డింగ్ మూల తిరగ్గానే పాత సెల్ హఠాత్తుగా మాయమైతే ఆ 8 మీటర్లు కూడా ఎక్కువే, లింకు తెగి, మళ్లీ వెతుక్కుని, ఎక్కి, సెకన్లు గడుస్తాయి. వాసూ, నువ్వన్న వేగం సమస్య ఇక్కడుంది, డాప్లర్‌లో కాదు.

వైట్‌ఫీల్డ్_వాసు | శనివారం మధ్యాహ్నం 1:30

సరే తాతగారూ, డాప్లర్ వదిలేశా. కానీ 5జీ రౌటర్ మాట వదలను. అప్‌లోడ్ అయినా బాగుంటుంది కదా?

యాంటెన్నా_అయ్యవారు | శనివారం సాయంత్రం 4:48

వాసు గారూ, సిటీలో బాగుంటుంది. హైవేలో 3.5 గిగాహెర్ట్జ్ అంత దూరం పోదు. కొన్ని కంపెనీల 5జీ 4జీని ఊతంగా పట్టుకుని నడుస్తుంది, కింద 4జీ సెల్ మారినప్పుడల్లా పైన 5జీ కాలు తీసి మళ్లీ వేస్తుంది. నేను బస్సులకి రౌటర్లు బిగిస్తా, దూరపు రూట్లలో చాలామంది కస్టమర్లు చివరికి 4జీకి లాక్ చేయమనే అడుగుతారు. అంకె తగ్గుతుంది, నిలకడ పెరుగుతుంది.

కోలారు గారూ, మీ ట్యాబ్‌లో సిమ్ వేసి బండి లోపల పెడుతున్నారా? అయితే టెస్ట్ చేయకముందే సగం ఓడిపోయినట్టే. అంబులెన్సు అంటే రేకు డబ్బా, వెనక అద్దాలకి ఫిల్మ్. టాపు మీద బయట యాంటెన్నా పెట్టండి, రెండు కేబుళ్లది (మిమో అంటారు), ఒక్క కేబులుది చవగ్గా దొరుకుతుంది గానీ వద్దు. కేబుల్ పొడుగు దగ్గర అందరూ దెబ్బతింటారు. ఆర్‌జీ58 లాంటి సన్న కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి దాదాపు ఒక డెసిబెల్ మింగుతుంది, డ్రైవర్ సీటు కింద రౌటర్ పెట్టి టాపు దాకా ఐదు మీటర్లు లాగితే యాంటెన్నా ఇచ్చిందంతా కేబులే తినేస్తుంది. రౌటర్‌నే టాపు లోపలివైపు బిగించండి, వేడి తగలకుండా కాస్త గాలి ఆడేలా.

ఇంకోటి ఎవరూ చెప్పరు. బండి స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజీ క్షణంపాటు పడిపోతుంది, చవక రౌటర్ రీబూట్ అవుతుంది. మీ లాగ్‌లో అది నెట్ ఒకటిన్నర నిమిషం పోయినట్టు కనిపిస్తుంది, టవర్‌ని తిట్టుకుంటారు. రౌటర్ ఎంతసేపటి నుంచి ఆన్‌లో ఉందో కూడా లాగ్‌లో రాయించండి.

పలమనేరోడు | శనివారం రాత్రి 8:35

అన్నా, నేను ఆ రోడ్డు మీదే పుట్టి పెరిగినోణ్ణి, ఇప్పుడు బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటా, వారం వారం ఊరికి పోతా. మీ వీడియో ఆగింది నంగలి దగ్గర అయ్యుంటుంది, రాష్ట్రం మారేది అక్కడే. నా ఆంధ్రా సిమ్‌తో బెంగళూరు వైపు వస్తుంటే నంగలి దాటినా ఆంధ్రా టవర్‌నే పట్టుకుని ఏలాడతా ఉంటుంది, నెట్ రాదు, ఇంకోదానికి పోదు. మా ఆవిడది కర్ణాటక సిమ్, అది ముందే మారిపోతుంది. తిరిగి పోయేటప్పుడు సీన్ రివర్స్, ఆమెది ఏలాడతా ఉంటుంది, నాది టక్కున కలుస్తుంది.

పలమనేరు దాటి చిత్తూరు వైపు పోతే మొగిలి ఘాట్ ఉంది. అక్కడ మలుపుల్లో ఎవరి ఫోనూ పలకదు. యాక్సిడెంట్లు ఎక్కువ జరిగేదీ అక్కడే, అంబులెన్సుకి ఫోన్ చేద్దామన్నా తిప్పలే.

డ్రైవ్‌టెస్ట్_తాత | ఆదివారం ఉదయం 6:40

పలమనేరు తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టెలికాంలో దేశాన్ని సర్కిళ్లుగా కోశారు. తెలంగాణ విడిపోయినా ఈ లెక్కలో ఇంకా ఒకే ఆంధ్రా సర్కిల్, కర్ణాటక ఒకటి, తమిళనాడు ఒకటి. ఒకే కంపెనీ అయినా ఒక్కో సర్కిల్‌కి నెట్‌వర్క్ కోడ్ వేరు, ఉదాహరణకి ఎయిర్‌టెల్‌కి కర్ణాటకలో 404-45, ఆంధ్రాలో 404-49. ఫోన్ దృష్టిలో అవి రెండు వేరే నెట్‌వర్కులు. లోపల సెల్ నుంచి సెల్‌కి మారినట్టు చెయ్యి పట్టి అప్పగించడం బోర్డరులో జరగకపోతే, ఫోన్ పాతదాన్ని పూర్తిగా పోగొట్టుకుని, వెతుక్కుని, కొత్తగా నమోదు కావాలి. అప్పుడు ఐపీ అడ్రస్ కూడా మారొచ్చు. మారిందంటే నీ వీడియో కనెక్షన్‌కి అవతల ఎవరూ లేనట్టే, టీసీపీ (అవతలినుంచి జవాబు కోసం కాచుకునే పద్ధతి) అయితే అది టైమౌట్ అయ్యేదాకా ఊరికే నిలబడి ఉంటుంది. ముళబాగిలు దాటాక పోయింది పలమనేరులో లేచిందంటే టవర్ అంతసేపు లేకపోవడం వల్ల కాదనుకుంటా, మీ సాఫ్ట్‌వేర్ పాత కనెక్షన్ పట్టుకుని కూర్చుంది. లాగ్ తీస్తే తెలుస్తుంది.

టెస్టు రెండు వైపులా చెయ్యి. పోయేటప్పుడు ఒకచోట మారితే వచ్చేటప్పుడు అదే చోట మారదు, పాతదాన్ని కొంతదూరం మోసుకెళ్తుంది. ఒకవైపే చేసి మ్యాప్ గీస్తే నీ అంబులెన్సు వచ్చే దిక్కుకి అది పనికిరాదు.

పెరంబూరు_పద్మ | ఆదివారం మధ్యాహ్నం 2:16

సర్కిళ్ల సంగతి రైల్లో ఇంకా తమాషాగా ఉంటుంది. చెన్నై–బెంగళూరు లైన్లో జోలార్‌పేట దాకా తమిళనాడు, తర్వాత కుప్పం ముక్క ఆంధ్రా, బంగారుపేట వచ్చేసరికి కర్ణాటక. మా టీమ్‌లో ఏ కొత్త బిల్డ్ వచ్చినా నేను కుప్పం దాటించాకే సంతకం పెడతా. ఆఫీసులో వైఫై ఆపి ఆన్ చేసి "నెట్‌వర్క్ స్విచ్ టెస్టు పాస్" అని రాసేవాళ్లని ఆ రైలెక్కించాలి.

దీంట్లోనే ఇంకో ముచ్చట. చెన్నై–మైసూరు వందే భారత్‌లో (2022 నవంబరు 11న మొదలైంది, దక్షిణాదికి అదే మొదటిది) ఒక ఫోన్, బృందావన్ ఎక్స్‌ప్రెస్ సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ పక్కన అదే ఫోన్ పెట్టి చూశా. పట్టాలు అవే, టవర్లు అవే, వందే భారత్ ఇంకా స్పీడు. కాట్పాడి దాటాక ఒకే ఊరి దగ్గర బృందావన్‌లో సిగ్నల్ మైనస్ 90 ఉన్నది వందే భారత్‌లో మైనస్ 110 దాకా పడిపోయింది. మూసేసిన పెట్టె, పూత ఉన్న అద్దాలు. పైగా దాంట్లో 1,128 సీట్లు, అందరి ఫోన్లూ ఒకే క్షణంలో పాత టవర్ వదిలి కొత్తదాని మీద పడతాయి. బృందావన్‌లో గాలికి జుట్టు చెదిరింది, నెట్ మాత్రం చెదరలేదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు | ఆదివారం మధ్యాహ్నం 2:30

టికెట్ రేటు ఎక్కువ పెట్టి నెట్ తక్కువ కొనుక్కున్నారన్నమాట.

నిర్వాహకుడు | ఆదివారం సాయంత్రం 5:00

ఏ కంపెనీ సిమ్ మంచిది, ఏది చెత్త అని వచ్చిన పోస్టులు తీసేశాను, ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది. సర్కిళ్ల వారీ కొలతలు కావాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) సొంతంగా డ్రైవ్ టెస్టులు (బండిలో తిరుగుతూ కొలవడం) చేసి, సిటీలకీ హైవేలకీ రైలు మార్గాలకీ రిపోర్టులు పెడుతోంది, వాళ్ల సైట్‌లో చూసుకోండి. ఇంకో మాట, టెస్టు చేసేవాళ్లెవరైనా సరే బండి నడుపుతూ ఫోన్ ముట్టుకోవద్దు. నడిపేవాళ్లు ఒకరు, లాగ్ చూసేవాళ్లు ఒకరు.

కోలారు_రోడ్డు | ఆ పై శనివారం రాత్రి 11:18

తాతగారూ, అందరికీ దండాలు. చెప్పినట్టే చేశాం. డ్రైవర్ అన్న ఒకరు, నేను, మా జూనియర్ ఒకడు. రెండు ఫోన్లు, ఒకదాంట్లో ఆంధ్రా సిమ్, ఇంకోదాంట్లో వేరే కంపెనీ కర్ణాటక సిమ్, పేర్లెందుకు గానీ ఏ, బీ అనుకోండి. టర్మక్స్‌లో (ఆండ్రాయిడ్‌లో కమాండ్లు నడిపే యాప్) ఐఆర్‌టీటీ, పక్కన జీ-నెట్‌ట్రాక్. సర్వర్ ముంబైలో అద్దెకి తీసుకున్నాం. స్క్రీన్ ఆఫ్ అయితే ఫోన్ లాగింగ్ ఆపేస్తుంది కాబట్టి వేక్‌లాక్ (ఫోన్ నిద్రపోకుండా ఆపేది) పెట్టి, బ్యాటరీ సేవర్ తీసేశాం. డ్యాష్‌బోర్డు మీద ఎండ పడుతుంటే ఫోన్ కాలిపోయి 5జీ నుంచి 4జీకి తనే దిగిపోయింది, అందుకని రెండింటినీ వెనక స్ట్రెచర్ పక్కన ఏసీ గాలి తగిలేచోట కట్టాం.

ఫలితం చెప్తా. నంగలి దగ్గర బెంగళూరు వైపు వచ్చేటప్పుడు సిమ్ ఏ పది పన్నెండు సెకన్లు పూర్తిగా లేదు. సిమ్ బీ నాలుగైదు సెకన్లు. మంచి విషయం ఏంటంటే రెండూ ఒకేచోట పోలేదు, దాదాపు కిలోమీటరు తేడా ఉంది. తిరుగు దారిలో పలమనేరోడు అన్నట్టే తారుమారు. మొగిలి ఘాట్‌లో మాత్రం ఒక మలుపులో రెండూ కలిసి అరనిమిషం పైనే పోయాయి. అక్కడ ఎన్ని సిమ్‌లు పెట్టినా లాభం లేదు. తాతగారి అనుమానం కూడా నిజమే, టవర్ పోయింది పన్నెండు సెకన్లు, మా యాప్ మళ్లీ లేవడానికి తీసుకుంది నిమిషాలు. ఐపీ మారింది.

అన్నిటికంటే పెద్ద ఆలస్యం ఎక్కడ వచ్చిందో చెప్పండి చూద్దాం? కె.ఆర్.పురంలో. బండి నిలబడి ఉంది, సిగ్నల్ ఫుల్, ప్యాకెట్ వెళ్లి రావడానికి రెండు సెకన్ల పైన.

సిల్క్‌బోర్డు_బాధితుడు | ఆ పై శనివారం రాత్రి 11:25

నేను మొదటి రోజే చెప్పా.

పెరంబూరు_పద్మ | ఆదివారం ఉదయం 8:50

కె.ఆర్.పురం ఆశ్చర్యమేమీ కాదు, సాయంత్రం అయ్యుంటుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లంతా ఫోన్ చూస్తుంటారు, సెల్ నిండిపోతుంది. అదే రూటు తెల్లవారుజామున ఒకసారి చేయండి, రేడియో సమస్య ఏదో, రద్దీ సమస్య ఏదో విడిపోతుంది. రిపోర్టులో సగటు రాయకండి. నూటికి 95 ప్యాకెట్లు ఎంతలోపు వచ్చాయి, అతి పెద్ద గ్యాప్ ఎంత, ఎక్కడ, ఇవి చాలు.

యాప్ వైపు నుంచి: కనెక్షన్ ఐపీకి కట్టేయకండి. క్విక్ ప్రోటోకాల్ (2021లో స్టాండర్డ్ అయింది) వాడితే ఐపీ మారినా కనెక్షన్ నంబర్ పట్టుకుని కొనసాగించొచ్చు. కోడ్ ముట్టుకునే టైం లేకపోతే రౌటర్‌లో వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) వేసి ఆ సొరంగంలోంచి పంపండి, బయట ఐపీ మారినా లోపల మారదు.

ఇంకా ముఖ్యమైంది, ఘాట్ గ్యాప్. అరనిమిషం ఈసీజీ అంటే 240 కిలోబైట్లు, దాచుకోవడం కష్టం కాదు. కానీ నెట్ రాగానే దాచిందంతా వరసలో పాతదాని నుంచి పంపకండి. అప్‌లోడ్ సన్నగా ఉన్నచోట డాక్టరు అరనిమిషం కిందటి గుండెని చూస్తూ, అదే ఇప్పటిదనుకుని మందు చెప్తాడు. ముందు ఇప్పటిది పంపండి, పాతది వెనకనుంచి మెల్లగా పోతుంది. స్క్రీన్ మీద ప్రతి ఈసీజీ గీతకీ టైము పెద్ద అక్షరాల్లో వేయండి.

కోలారు_రోడ్డు | ఆదివారం ఉదయం 9:31

ఈ పాయింట్ మా డిజైన్‌లో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఉన్నది వరస క్యూనే. సోమవారం దీంతోనే మొదలుపెడతాం. ఘాట్‌లోకి దిగకముందే జీపీఎస్ చూసి డాక్టరు స్క్రీన్ మీద "ఇంకాసేపట్లో లింకు పోతుంది" అని వేస్తే ఎలా ఉంటుంది? ఆయన ఏదైనా చెప్పాలంటే ముందే చెప్పేస్తాడు.

పలమనేరోడు | ఆదివారం ఉదయం 10:05

అది బాగుంటాదన్నా. మా మామకి నొప్పొచ్చి తీసుకొస్తుంటే ఘాట్‌లో అవతల డాక్టరు మాట మధ్యలో తెగింది. నర్సుకి ఆ ఇంజెక్షన్ వెయ్యమన్నాడో వద్దన్నాడో తెలీలేదు. మామ ఇప్పుడు బానే ఉన్నాడు.

యాంటెన్నా_అయ్యవారు | ఆదివారం మధ్యాహ్నం 12:40

రెండు సిమ్‌ల రౌటర్ కొనేటప్పుడు చూసుకోండి, చాలావాటిలో మోడెమ్ ఒకటే ఉంటుంది, రెండు సిమ్‌లు మార్చి మార్చి వాడుతుంది, మారడానికే అరనిమిషం, నిమిషం. మీకు నంగలి దగ్గర ఏ పోయినప్పుడు బీ అప్పటికే ఎక్కి ఉండాలి, అంటే రెండు మోడెమ్‌లది కావాలి. ధర తేడా బాగానే ఉంటుంది, సేల్స్ వాళ్లతో ఇప్పుడే చెప్పించండి.

కోలారు_రోడ్డు | ఆదివారం మధ్యాహ్నం 1:12

సరే అయ్యవారూ. ఒక చిన్న సందేహం, సిమ్ బీ ఫోన్ లాగ్‌లో పీసీఐ కాలమ్ అంతా ఖాళీగా వచ్చింది, మిగతావి ఉన్నాయి. ఇంకో ఫోన్లో వచ్చింది. ఫోన్ పాడా?

డ్రైవ్‌టెస్ట్_తాత | ఆదివారం మధ్యాహ్నం 3:20

ఫోన్ పాడు కాకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో సెల్ వివరాలు కావాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి ఉండాలి, పైన లొకేషన్ స్విచ్ కూడా ఆన్‌లో ఉండాలి. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టి ఉంటే స్క్రీన్ మీద ఇంకో యాప్ తెరవగానే ఖాళీ అయిపోతుంది. "ఎప్పుడూ" అని మార్చు. అయినా రాకపోతే ఆ మోడల్ మోడెమ్ ఇవ్వదన్నమాట, వేరే ఫోన్ పెట్టు. తెల్లవారుజాము రౌండు అయ్యాక రెండు లాగ్‌లూ ఇక్కడ పెట్టు, ఘాట్ మలుపులో ఏ సెల్ నుంచి ఏ సెల్‌కి పోవాలని చూసి తెగిందో చూద్దాం.

కోలారు_రోడ్డు | ఆదివారం మధ్యాహ్నం 3:34

అలాగే తాతగారూ. బుధవారం పొద్దున నాలుగింటికి పలమనేరులో బయల్దేరుతున్నాం, సాయంత్రానికి పెడతా.